తలుపులాయన చూడని చివరి పది నిమిషాలు

ఆ సినిమా హాలులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. తలుపులాయన అంటే చాలు. టికెట్లు చింపడం, టార్చి వేసి సీట్లు చూపడం, ఆట ఇంకా పది నిమిషాలుందనగా పక్క సందులోకి వెళ్ళి బయటినుంచి ఆరు తలుపుల గడియలు తీయడం ఆయన పని. తుప్పు పట్టిన ఆ గడియలు బతిమాలితేగాని కదలవు. అందుకే ఇరవై ఎనిమిదేళ్ళలో ఏ జంటకూ ఆయన కళ్ళముందు పెళ్ళి కాలేదు, ఏ విలనూ చావలేదు.

మిగతా సినిమాల మాటకేం గాని, బందిపోటు కొడుకు కథ ఒక్కటే ఆయన్ని కుదురుగా ఉండనిచ్చేది కాదు. పేరు మోసిన దొంగ కొడుకు, తండ్రి మీద పడ్డ నింద తుడవడానికి కోటగోడలెక్కి, దీపాల గుత్తి పట్టుకుని ఊగి, ఇరవైమందిని మెట్ల మీద దొర్లిస్తాడు. తీరా రాజు ఎదుట కత్తి ఎత్తేసరికి తలుపులాయన లేచి పోవాలి.

ఏడాదికోసారి ఆ సినిమా వస్తే భార్య వచ్చి చూసేది. ఇంటికెళ్ళాక అన్నం వడ్డిస్తూ ముగింపు చెప్పేది. ఓ ఏడు రాజు క్షమించాడంది. మరో ఏడు రాజే అసలు దొంగని తేలిందంది. ఇంకో ఏడు గుర్రం సాక్ష్యం చెప్పిందంది.

"గుర్రమెలా చెబుతుందే?"

"చూసింది నువ్వా, నేనా?"

ఆయన పెరుగన్నం కలుపుకునేవాడు.

ఆవిడ పోయి ఏడాదయింది. ఈ మ్యాట్నీతో ఆ రీళ్ళు వెళ్ళిపోతాయనీ, ఇక రావనీ మేనేజరు చెప్పాడు. ఆవిడ మాటల్లో ఏది నిజమో తెలిసేది ఈ ఒక్క ఆటలోనే. హాల్లో టీ అమ్మే వదిన దగ్గరికి వెళ్ళాడాయన. భార్యకు సొంత అక్క.

"వదినా, ఈ పూట గడియలు నువ్వు తీయాలి. చివరేమవుతుందో చూస్తాను."

"మా చెల్లెలు చెప్పలేదూ?"

"మూడు రకాలుగా చెప్పింది."

వదిన నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడింది. "పిచ్చి మరిదీ! అదెప్పుడు చూసింది? పక్కన కూర్చున్నదాన్ని నేను. కత్తి బయటికొస్తే చాలు, ముఖానికి చేతులడ్డం పెట్టుకునేది. జరిగింది నేనే చెప్పేదాన్ని. 'ఏం బాగాలేదక్కా, ఆయనకి ఇంకోటి చెప్తాలే' అనేది."

తలుపులాయన టీ గ్లాసు పక్కకు జరిపాడు. "అంత బాగాలేనిదేమిటో చూడాల్సిందే. నువ్వు మాత్రం గడియలు మరవకు."

చివరి వరసలో కూర్చున్నాడు. రాజు కత్తి దించి, ఒక కాగితం తెప్పించి చదివాడు. చాలాసేపే చదివాడు. కొడుక్కి ఏదో ఉద్యోగం ఇచ్చాడు. అయిపోయింది.

"ఇంతేనా?"

"ఇంతే. బాగాలేదని మా చెల్లెలు ఊరికే అందా," అంది పక్క సీట్లోంచి వదిన.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నువ్విక్కడున్నావేం? గడియలో?"

"నీ ముఖం చూద్దామని వచ్చి మరిచిపోయాను!"

అప్పటికే జనం తలుపులు బాదుతున్నారు. "తీయవయ్యా, మేమేం దొంగలమా?" ముందు ద్వారంలోంచి సందులోకి పరిగెత్తాడాయన. వెనకే రొప్పుతూ వదిన. మేనేజరు కేకలు వాళ్ళిద్దరికంటే ముందు చేరాయి.

ఆరో గడియ తీస్తుండగా చంకలో పసిపిల్లతో ఒకావిడ ఎదురైంది. "బాబాయ్, పిల్ల ఏడిస్తే మధ్యలో వచ్చేశాను. చివరికేమైంది?"

"రాజు ఒక కాగితం..." అని మొదలుపెట్టాడు. ఆవిడ ముఖం వాడిపోయింది. తలుపులాయన గొంతు సవరించుకున్నాడు.

"కత్తులెత్తారా ఇద్దరూ? అప్పుడొచ్చింది బందిపోటు పెళ్ళాం. ఇద్దరి చేతుల్లోంచీ కత్తులు లాగేసి, 'ఇక చాలు, భోజనాలకి లేవండి' అంది."

"అమ్మో! రాజేమన్నాడు?"

వదిన నోరు తెరవబోయింది. తలుపులాయన ఆమెవైపు చూడనే లేదు.

"ఏమంటాడమ్మా, చేతులు కడుక్కున్నాడు."