నంబరుకు పెట్టిన పసుపు

మా అత్త లెక్కలో మనిషికి అన్నం పెట్టే వస్తువు ఏదైనా సరే, దసరా నాడు దానికి పసుపు కుంకుమ పడాల్సిందే. మామ బతికి ఉన్నన్నాళ్ళూ గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర, కొమ్మలు కొట్టే కొడవలి, ఆయన చేతికర్ర పీట మీద వరసగా ఉండేవట. కొడుకు మందను వదిలేసి లారీ ఎక్కాక ఆమెకు పెద్ద చిక్కు వచ్చిపడింది. లారీ నల్లగొండలో ఉండే సేటుది. దాని పూజ సేటు వాకిట్లో, సేటు కొబ్బరికాయలతోనే జరిగిపోయేది. అది ముగించుకుని మా ఆయన కట్టంగూర్ దగ్గరున్న మా ఊళ్ళో ఉత్త చేతులతో బస్సు దిగేవాడు.

"మరి గా పనిల నీది అనేటిది ఏముందిరా?" అని అడిగింది అత్త, నేను కాపురానికి వచ్చిన మొదటి దసరాకి.

మా ఆయన జేబులోంచి లైసెన్సు తీశాడు. గట్టి అట్ట వేసిన చిన్న పుస్తకం, లోపల ఫోటో. "గిదే నాది. గీ మొదటి కాయిదం మీద నంబరు రాసిండ్రు సూడు, గదే దీని పానం. గది లేకుంటే నన్ను ఎవ్వడూ డ్రైవరనడు" అని గొప్పగా చెప్పాడు. చదువు రాదు కానీ, ఆ నంబరు ఎక్కడుందో మాత్రం వేలు పెట్టి చూపించాడు.

పానం ఎక్కడుందో తెలిశాక మా అత్త ఆగుతుందా! బియ్యప్పిండిలో పసుపు తడిపి బొటనవేలితో సరిగ్గా ఆ నంబరు మీదే పట్టించింది. దాని మీద కుంకుమ బొట్టు. పుస్తకం మూసి, కళ్ళకు అద్దుకుని, ట్రంకు పెట్టెలో పెట్టింది. హారతి పళ్ళెం పట్టుకున్నది నేనే. మర్నాటికి మొదటి కాగితం అట్టకు అతుక్కుపోయింది. ఆ తర్వాత పుస్తకం తెరిస్తే నేరుగా ఫోటో దగ్గరే తెరుచుకునేది. దారిలో ఆపే పోలీసులు ఫోటో చూసి, మా ఆయన మొహం చూసి, పొమ్మనేవాళ్ళు. గడువు ఇంకా ఉంది కాబట్టి లోపల ఏం జరిగిందో చూసే అవసరం ఎవరికీ పడలేదు. తర్వాతి దసరాలకు అత్త అతుక్కున్న అట్ట మీదే బొట్టు పెట్టి సరిపెట్టుకుంది.

ఈలోగా మాకు ఆడపిల్ల పుట్టింది. ఆయన లారీతో వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. పల్లీలంటాడు, ఆముదాలంటాడు, బండి చెడిందంటాడు. వచ్చిన పూట మా బిడ్డ వాళ్ళ నాయనమ్మ కొంగులో దూరి గుక్కపట్టి ఏడ్చేది. ఒకసారి ఆయన గడపలో నిలబడితే పిల్ల లోపలికి పరుగెత్తి, "అవ్వా, ఎవరో వచ్చిండ్రు" అని చెప్పింది. మేమంతా నవ్వాం. ఆయన కూడా నవ్వి, కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. చెంబు చేతిలో పట్టుకుని ఊరికే నిలబడి ఉన్నాడు.

అందుకే సర్కారు బస్సులకు డ్రైవర్లను తీసుకుంటున్నారని తెలిసిన రోజు నేను ఆయన్ని కూర్చోనివ్వలేదు. బస్సంటే పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరే పని. నెల తిరిగితే జీతం. "నాకేడ ఇస్తరే" అని ఆయన నసుగుతుంటే, "అడగకుంటే ఎట్లిస్తరయ్యా, బొట్టు పెట్టి పిలుస్తరా?" అని విరుచుకుపడ్డాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ అంతే.

అర్జీలు తీసుకునే ఆఖరి రోజున నల్లగొండ వెళ్ళాం. రాయడానికి నేను, నా వెంట బిడ్డ, బిడ్డ కోసం అత్త. ఆఫీసు వరండాలో కూర్చుని నాకు వచ్చిన తెలుగులో అర్జీ రాశాను. పేరు, ఊరు, తండ్రి పేరు అన్నీ అయ్యాయి. లైసెన్సు నంబరు దగ్గరికి వచ్చి పుస్తకం తెరిస్తే మొదటి కాగితమే కనబడలేదు. అట్ట అంచు నుంచి పసుపు పొడి రాలింది. అప్పుడు వెలిగింది నాకు.

ఇక చూడండి, నోటికి ఎంతొస్తే అంత అన్నాను. సేటు పూజ చాలదా అన్నాను, కాగితానికి కూడా పసుపేందన్నాను. అత్త రాలిన పసుపు పొడిని వేలితో అద్ది తీసింది. "పానం అన్నడు గదా బిడ్డా. పానం సల్లగుండాలెనని పెట్టిన" అంది. నేను పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

మా ఆయన మాత్రం ధీమాగా, "నంబరు నాకు నోటికొస్తది, పాండ్రి" అని గుమాస్తా ముందుకు నడిచి గడగడా చెప్పేశాడు. గుమాస్తా కోస్తా వైపు మనిషి, నెమ్మదైనవాడు. విని కలం కింద పెట్టాడు.

"అది మీ లారీ నంబరు కదండీ. బండి మారితే ఆ నంబరు మారిపోతుంది. నేనడిగేది మీ నంబరు. మీరు ఏ బండి ఎక్కినా మీ వెంట వచ్చేది" అన్నాడు.

నేను పుస్తకం వెనకట్ట మీద అచ్చయిన అంకెలు చూపించాను. అవి పుస్తకం అచ్చువేసినవాళ్ళు వేసుకున్నవట. ఫోటో పక్కన ముద్రలో ఉన్న అంకెలు తేదీ అట. ఒక్క పుస్తకంలో ఇన్ని నంబర్లుంటే మనిషిది ఏదో మాకెలా తెలుస్తుంది? "మొదటి పేజీలో, పేరుకు పైన, చేత్తో రాసి ఉంటుందమ్మా. అదొక్కటే లైసెన్సు నంబరు. ముద్రను బట్టి ఈ లైసెన్సు ఇచ్చింది పాలమూరులో కాబట్టి అక్కడ అడిగితే చెబుతారు. కానీ ఈ సాయంత్రం దాటితే నేను అర్జీ తీసుకోలేను" అన్నాడాయన. పాలమూరు వెళ్ళి రావడమంటే ఆ రోజు అయ్యే పని కాదు.

మా ఆయన బయటికి వచ్చి మెట్ల మీద చతికిలబడ్డాడు. "పోనీ తియ్యే. లారీ ఉంది గదా" అన్నాడు. బిడ్డ అత్త భుజం మీది నుంచి ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. ఆ చూపు చూసి నేను పుస్తకం లాక్కుని ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లోకి నడిచాను. పిండి అంటుకుంటే ఆవిరికి మెత్తబడుతుంది. వంట చేసే ఏ ఆడదానికైనా తెలిసిన సంగతే.

మరుగుతున్న కెటిల్ మూతి దగ్గర పుస్తకం పట్టుకున్నాను. హోటలాయన బిత్తరపోయి, "చాయ్ తాగనీకొచ్చినవా, కితాబు ఉడకబెట్టనీకొచ్చినవా?" అన్నాడు. "రెండూ" అన్నాను. అంచు మెత్తబడ్డాక గాజులకున్న పిన్నీసు తీసి, కొసతో కొంచెం కొంచెంగా విడదీశాను. కాగితం చిరగకుండా ఊడి వచ్చింది.

చూస్తే ఏముంది, పేరుకు పైన పసుపు మరక, మధ్యలో ఎర్రటి చుక్క. సిరా ఆనవాలు కూడా లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పక్కకు వచ్చి నిలబడ్డ అత్త, "ఇటు దిక్కు గివేంది పిల్లా?" అని అట్ట లోపలి వైపు వేలు పెట్టింది. అక్కడ నీలంగా ఏవో గీతలు. అంకెల్లాగే ఉన్నాయి కానీ ఒక్కటీ అంకె కాదు. తడి పసుపు సిరాను కరిగించి, పుస్తకం మూసినప్పుడు ఎదుటి వైపుకు ఒత్తేసింది. అందుకే అన్నీ తిరగబడి ఉన్నాయి.

గోడకు చిన్న అద్దం వేలాడుతోంది. పుస్తకాన్ని దాని ముందు పట్టాను. అద్దంలో అంకెలన్నీ బుద్ధిగా తిరిగి నిలబడ్డాయి. ఒక్కొక్కటే పైకి చదివాను, మెట్లు దిగి వెనకే వచ్చిన మా ఆయన విన్నాడు. చివరిది మూడో ఎనిమిదో కాసేపు తేలలేదు. వంకర బాగా చూసి మూడే అనుకున్నాను.

"సూసినవా, దేవుడు మింగలే. పక్కకు దాసిపెట్టిండు" అంది అత్త, పోయిన ప్రాణం లేచి వచ్చినట్టు. ఆమెను గట్టిగా వాటేసుకోవాలనిపించింది. గంట కిందే అన్నేసి మాటలన్న మొహంతో ఎలా వాటేసుకోను? నా చాయ్ ఆమె చేతికిచ్చాను.

గుమాస్తా నంబరు రాసుకుని, పుస్తకం రెండు వైపులా తిప్పి చూసి నవ్వు ఆపుకున్నాడు. పాలమూరుకు రాసి కనుక్కుంటామని, సరిపోతే కబురొస్తుందని అన్నాడు. ఆ కబురు కోసం ఎదురుచూసిన రోజుల్లో ఆ మూడు నాకు కలలో కూడా ఎనిమిదయ్యేది. చివరికి వచ్చింది. నంబరు సరిపోయింది. పరీక్షకు బస్సు తోలి చూపించమన్నారు. ఆయనకు అదొక లెక్కా!

బస్సు ఎక్కిన కొత్తలో ఆయన సాయంత్రం ఇంటికొచ్చి కూర్చుంటే బిడ్డ దూరం నుంచి చూసేది. ఆయన పిలిచేవాడు కాదు. పిలిస్తే ఏడుస్తుందని భయం. ఒకరోజు ఆయన జొన్నరొట్టె పప్పులో నలిపి తింటున్నాడు. పిల్ల గోడ వారనే వచ్చి, పక్కన కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. ఆయన చెయ్యి ఎక్కడిదక్కడే ఆగిపోయింది. కదిలితే ఎక్కడ లేచి వెళ్ళిపోతుందోనని అట్లాగే కూర్చున్నాడు. పిల్ల ఇంకో ముక్క తీసుకుని, ఆయన మొహంలోకి చూసి, "కారం ఉంది నాయినా" అంది.