ఇరవైకి చేరని చెయ్యి

మా చిన్నాయన పోయారని మొన్న పొద్దున తాండూరు నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. నేను వికారాబాద్ నుంచి చేరేసరికి వాకిలి నిండా జనం. అందరూ ఆయన చేతి పనితనాన్నే తలుచుకుంటున్నారు. పాఠకులు క్షమించాలి, అంత దుఃఖంలోనూ నాకు కడుపు మండింది.

మిలిటరీలో లారీ బాగుచేస్తుండగా ఆయన కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. మిగిలిన వాటితోనే సూదిలో దారం ఎక్కించేవారు, జొన్నరొట్టె తట్టేవారు. "కొట్లాడేటి రెండు పోయినయ్ రా, ఉన్నయి కలిసి పన్జేస్తయ్" అనేవారు. మా అమ్మ వెంటనే నా వైపు తిరిగేది: "నీకు పది వేళ్లు, పైన డిగ్రీ. ఉప్మా గూడ మాడగొడ్తవ్."

ఆ చేతికి మెడికల్ బోర్డు వేసిన వైకల్యం మాత్రం ఇరవై శాతం లోపే. ఇరవైకి చేరితేనే వైకల్య పింఛన్. డాక్టరు పిడికిలి బిగించమంటే, ఆర్డరు కదా అని ప్రాణం పెట్టి బిగించారట!

అప్పీలు చేస్తే, పోయినేడు పట్నంలో మళ్లీ బోర్డుకు పిలిచారు. తాండూరులో ఆయన ఎక్కిన రైలును నేను వికారాబాద్‌లో అందుకుని, చాయ్ గ్లాసుతో రిహార్సల్ మొదలుపెట్టాను.

"డాక్టర్ గ్లాసిస్తడు చిన్నాయనా. ఇడ్సిపెట్టు, గంతే."

"పలుగుతది గద రా."

"పలగాలెనే! పింఛన్ కావాల్నా, వద్దా?"

"కావాలె. మీ చిన్నమ్మకు మోకాళ్ల ఆపరేషన్ చేపియ్యాలె."

రెండుసార్లు వదిలారు. రెండుసార్లూ నేలను తాకకముందే పట్టుకున్నారు.

బోర్డు ముందు ఆయన వంతు వచ్చింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల, అంతకుముందే పరీక్ష ముగిసిన కుర్ర జవాను ఒకడు, బొటనవేలు లేని చేత్తో చొక్కా గుండీలు పెట్టుకోలేక తంటాలు పడుతున్నాడు. డాక్టర్లందరూ చూస్తుండగా చిన్నాయన ఆ మూడు వేళ్లతో టకటకా గుండీలు పెట్టేశారు. కాలరు కూడా సరిచేశారు.

"గట్లెందుకు చేస్తివే?" అన్నాను బయటికొచ్చాక.

"పిలగాడు సిగ్గువడుతుండు రా. మనం వచ్చిన పని జర మర్సిన."

శాతం మారలేదు. ఆపరేషన్ కాలేదు. నాకు కోపం రావాలి, వచ్చింది అసూయ. చేతకానట్టు నటించాలన్నా ముందు ఏదో ఒక పని చేతనై ఉండాలి. నాకు ఆ ఇబ్బంది ఎన్నడూ లేదు.

చిన్నమ్మ రోజూ ఆ చెయ్యి పట్టుకునే లేచేది. మొన్న పాడె ఎత్తే వేళ అలవాటుగా చెయ్యి చాచింది. నేను నా చెయ్యి అందించాను. లేచి నిలబడింది గానీ, ఆమె వేళ్లు నా వేళ్ల మధ్య ఆ పాత ఖాళీ కోసం వెతుకుతూనే ఉన్నాయి.