నవ్వు పెట్టమన్న బొమ్మ

మా అక్క దుకాణాలకి బోర్డులు రాస్తుంది. తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని, ఎండలో వంగి కలుపు తీస్తున్న అమ్మ బొమ్మని చుక్కలు చుక్కలుగా వేసింది. వీపు మీద నారింజ చుక్కలు, వాటిని ఆనుకునే నీలం. దూరం నుంచి చూస్తే చెమట మెరుస్తున్నట్టే ఉంటుంది.

దాన్ని బొమ్మల ప్రదర్శనకి తీసుకెళ్లి గోడకి తగిలిస్తే, ఆ ప్రదర్శన పెట్టిన పెద్దాయన, "రంగులు బావున్నాయమ్మా. ఆ నడుం కాస్త లేపి, మొహంలో నవ్వు పెట్టు" అన్నాడు.

అక్కకి ఒళ్లు మండిపోయింది. "ఆ నడుం లేపడం డాక్టర్ల వల్లే కాలేదండీ" అని బొమ్మని గోడ మీంచి దించి, చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

మంచంలో ఉన్న అమ్మ జరిగిందంతా విని, బొమ్మకేసి చాలాసేపు చూసింది. "ఎండ అలాగే ఉండేది. నన్ను నవ్వమనడానికి వాడెవడే?" అంది. మేకు ఎక్కడ కొట్టాలో తనే చూపించింది.