ఇంట్లో ఎవరేం పని చేస్తారు?

రిటైర్మెంటుకు ఆరేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్‌గా ఒక చిన్న ఎఫ్ఎం రేడియో కేంద్రానికి బదిలీ చేశారు. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉండేది ఆ కేంద్రం. మా ప్రసారం ఒకవైపు తిరుమలాయపాలెం పొలాలకూ, మరోవైపు ఇల్లందు బొగ్గుగని కాలనీలకూ అందేది.

అక్కడ నాకు అప్పగించిన వాటిలో గురువారం పొద్దున వచ్చే ఫోన్-ఇన్ ఒకటి. సంగీతం, ఆటలు, సినిమాల గురించి శ్రోతలు ఏ సందేహమైనా అడగవచ్చు. మృదంగం కుడివైపు తోలు మధ్యలో ఆ నల్లమచ్చ ఎందుకు, సినిమా రీలులో సెకనుకు ఎన్ని బొమ్మలు కదులుతాయి, ఇలాంటివి. పై అధికారులకు ఈ కార్యక్రమమంటే చిన్నచూపు. ఊసుపోక అడిగే ప్రశ్నలని మీటింగుల్లో నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. రోజంతా బతుకు గురించే ఆలోచించే మనిషి ఒక్క గంట మృదంగం గురించి ఆలోచిస్తే తప్పేమిటని నా వాదన.

ప్రత్యక్ష ప్రసారానికి ఒక పద్ధతి ఉంటుంది. ఫోన్ ముందు డ్యూటీ రూముకు వస్తుంది, అక్కడి నుంచి స్టూడియోకు కలుపుతారు. శ్రోతను నేను మొదట పేరు, ఊరు, ఇంట్లో ఎవరేం పని చేస్తారు అని అడగాలి. వినేవాళ్లకు అది పలకరింపు. మాకు మాత్రం అవసరం. ఆ నాలుగు మాటల్లోనే అద్దం అవతల ఉన్న ఇంజనీరు శ్రోత గొంతుకు తగ్గట్టు ధ్వని స్థాయిని సరిచేసుకుంటాడు. అది చూసుకున్నాకే అసలు ప్రశ్న.

ఆ గురువారం ప్రసారం మొదలయ్యే ముందు డ్యూటీ రూములో ఫోన్ మోగింది. మాకు వార్తలు అందించే విలేకరి. ఒక గని పేరు చెప్పి, అందులో పైకప్పు కూలిందనీ, ఫస్టు షిఫ్టు వాళ్లు కొందరు లోపలే ఉన్నారనీ చెప్పాడు. వాళ్ల పేర్లు తెలియవన్నాడు. ప్రమాద వార్తను అధికారుల ధ్రువీకరణ లేకుండా ప్రసారం చేయకూడదు. ఇది నియమం. మరణాలు ఖాయమైతే వినోద కార్యక్రమాలు ఆపి వీణలాంటి వాద్య సంగీతం వేస్తాం. కాలనీల్లో వీణ వినబడితే చాలు, ఆడవాళ్లు ఇళ్లకు తాళాలు కూడా వేయకుండా గని వైపు పరుగెత్తేవారు. అప్పుడు అంబులెన్సులకు దారి దొరకదు. మా స్టేషన్ డైరెక్టర్ హైదరాబాద్ మీటింగులో ఉన్నారు, ఫోన్ కలవలేదు. నిర్ణయం నా మీద పడింది. కార్యక్రమం యథాప్రకారం నడపాలనుకున్నాను.

మైకు ముందు కూర్చున్నాక భయం పట్టుకుంది. ఇంట్లో ఎవరేం పని చేస్తారని నేను అడిగితే, ఎవరైనా ఆ గని పేరే చెబితే? ఆ పేరు విని కూడా ఏమీ తెలియనట్టు ఎలా నవ్వను? అందుకే ఆ ప్రశ్న వదిలేశాను. తిరుమలాయపాలెం అబ్బాయి మృదంగం గురించి అడిగాడు, కారేపల్లి పెద్దాయన సినిమా గురించి. ఇద్దరినీ పేరు, ఊరు అడిగి నేరుగా ప్రశ్నలోకి దించాను. గొంతు స్థాయి అందక ఇంజనీరు చేతులు తిప్పుతూ ఏమైందని సైగ చేశాడు. చూడనట్టు ఊరుకున్నాను.

మూడో ఫోన్ ఇల్లందు వైపు కాలనీ నుంచి కోమలది. దాదాపు ప్రతి గురువారం ఫోన్ చేసే మనిషి. భర్త ఐలయ్య గనిలో పని చేస్తాడని నాకు తెలుసు, ఏ గనో గుర్తు లేదు. కాలనీ వాలీబాల్ జట్టులో ఆడతాడు. జట్టులో ఒక్కడే వేరే రంగు బనీను ఎందుకేసుకుంటాడో కనుక్కోమని పొద్దున డ్యూటీకి పోతూ ఆయనే చెప్పాడట. ఆ ఆటగాడిని లిబెరో అంటారనీ, వెనక వరసలోనే ఆడతాడనీ, మామూలు మార్పుల లెక్కలోకి రాకుండా లోపలికీ బయటికీ తిరుగుతుంటాడు కనుక రిఫరీ గుర్తుపట్టడానికే ఆ రంగనీ వివరించాను. మామూలుగా అయితే ఆమె థ్యాంక్స్ చెప్పి పెట్టేస్తుంది. ఆ రోజు పెట్టలేదు.

“మేడం, ఇయ్యాల మీరు ఎవల్నీ ఏం పని చేస్తరని అడగలే. ముగ్గుర్ల ఒక్కర్ని గూడ అడగలే. గనిల ఏమన్న అయ్యిందా?”

ఇంజనీరు ఆమె లైన్ కట్ చేయబోయాడు. వద్దని చెయ్యి ఎత్తాను. ఒక గనిలో పైకప్పు కూలినట్టు వార్త వచ్చిందనీ, ఇంకా ఎవరూ ధ్రువీకరించలేదనీ, పేర్లు మాకు తెలియవనీ చెప్పాను. తెలిసింది తెలిసినట్టు చెబుతామనీ, దయచేసి దారికి అడ్డం పోవద్దనీ వేడుకున్నాను.

“మా ఆయనది ఫస్టు షిఫ్టే మేడం. ఉంట మరి,” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ప్రశ్నల కార్యక్రమం అక్కడితో ఆపేశాను. వీణ వేయలేదు. అధికారులు చెప్పిన ప్రతి ముక్కనూ వెంటవెంటనే చదువుతూ కూర్చున్నాను. జనం గని దగ్గరికి వెళ్లారు, కానీ అంబులెన్సుకు దారి వదిలి రోడ్డు పక్కన నిలబడ్డారని తర్వాత విన్నాను. సాయంత్రానికి చనిపోయినవాళ్ల పేర్లు వచ్చాయి. ఐలయ్య పేరు నేనే చదివాను. ఆ పేరు పలకడం నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని.

నియమం తప్పినందుకు సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. ఒక మందలింపుతో సరిపెట్టారు.

ఏడాది దాటాక ఒక గురువారం కోమల ఫోన్ చేసింది. గొంతు గుర్తుపట్టాను. పేరు, ఊరు అయ్యాక మూడో ప్రశ్న దాటేయబోయాను. ఆమె ఆగింది. నేను అడగాలని ఎదురుచూస్తోందని అర్థమైంది. ఇంట్లో ఎవరేం పని చేస్తారని అడిగాను.

“నేనే చేస్తున్న మేడం, గనిల ఆయన నౌకరి నాకిచ్చిన్రు. ల్యాంపు రూంల డ్యూటీ. దిగేటోళ్లకు తలదీపాలిస్త, ఎక్కొచ్చినంక లెక్కజూసి తీస్కుంట.”

తర్వాత హార్మోనియం గురించి తన సందేహం అడిగింది, నేను చెప్పాను.

రిటైరయ్యేదాకా కొత్త అనౌన్సర్లకు శిక్షణ ఇచ్చినప్పుడు ఈ సంగతి చెబుతూ వచ్చాను. శ్రోత మనం చెప్పినదాన్నే కాదు, రోజూ చెప్పి ఈ రోజు మానేసినదాన్ని కూడా వింటాడు. చెప్పకూడనిది ఉంటే చెప్పలేమని చెప్పాలి. ఏమీ లేనట్టు మాట దాటేస్తే, ఆ ఇంటికి మొదటి కబురు మన మౌనమే అవుతుంది.