గోడ మొదట్లో నీలం సంచి

పోస్టు బట్వాడా చేసి రిటైరైన హిల్డా ఆల్డర్సన్, పదకొండేళ్లుగా రోజూ పొద్దున ఏడున్నరకి వంటింటి కిటికీలోంచి ఎదురు కొండని ఫోటో తీసి ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టేది. వాన, పొగమంచు, మళ్లీ వాన. ఆ లోయలో పలకరింపులన్నీ వాతావరణం గురించే. "ఇవాళ కూడా ఎండని నీ దగ్గరే దాచేసుకున్నావా, హిల్డా?" అని ఎవరో ఒకరు దెప్పకపోతే ఆమెకి టీ రుచించేది కాదు.

ఫిబ్రవరిలో మంచు కురిసిన మర్నాడు ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. తెల్లటి పొలం, నల్లటి రాతిగోడ, గోడ మొదట్లో నీలంగా ఏదో.

"గొర్రెలు కాసే క్లిఫ్ మళ్లీ దాణా సంచి పారేసిపోయాడు, దిక్కుమాలినోడు. ఫోటో పాడుచేశాడు," అని పక్కింటి డోరీన్ కింద రాసింది.

"గొర్రెలకున్న పాటి బుద్ధి కూడా లేదు వాడికి," అని హిల్డా జవాబిచ్చింది. అరవై మంది నవ్వారు.

ఆ రోజే మూడింటికి, ఆగకుండా మొరుగుతున్న అతని కుక్క వెనకాల వెళ్లినవాళ్లకి క్లిఫ్ దొరికాడు. నీలం కోటులో, గోడ మొదట్లో, తుంటి విరిగి. పన్నెండింటి దాకా ప్రాణం ఉండే ఉంటుందని డాక్టరు అన్నాడు.

హిల్డా ఇప్పటికీ ఏడున్నరకి ఫోటో తీస్తుంది. వేళ్లతో పెద్దది చేసి మూలమూలా వెతుకుతుంది. గ్రూపులో మాత్రం పెట్టదు.

"వాతావరణం ఎలా ఉందో చెప్పడం మానేశావేం?" అని డోరీన్ ఒకనాడు గేటు దగ్గర అడిగింది.

"బయటికెళ్లి చూసుకో," అంది హిల్డా. "కిటికీలోంచి నేను చూసింది చాలు."