నాంపల్లి స్టేషన్‌లో దిగిన జపాన్ ప్రేమకథ

ఇకమీదట నేను ఎవరికైనా అనిమే గురించి చెప్పాలంటే ముందు పక్కగదిలో ఎవరున్నారో చూసుకుని నోరు విప్పుతాను. మొన్న అన్నం తింటూ సరదాగా చెప్పిన ఒక కథ వల్ల, నేను అప్పటిదాకా మొహం కూడా చూడని ఒక అమ్మాయి బతుకు అటో ఇటో అయ్యేదే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. మళ్ళీ నవ్వూ ఆగదు.

మాది గన్‌ఫౌండ్రీలో చిన్న ఆడిట్ ఆఫీసు. లంచ్‌కి నేనూ, భాగ్యా, రమ్యా ఒక టేబుల్. పక్కనే ప్లైవుడ్ పార్టిషన్, దానికి పైన అంతా ఖాళీ. అవతల యాదగిరి గారు ఒక్కరే కూర్చుని తింటారు. ఆఫీసులో అందరికన్నా సీనియర్. మనిషి చెడ్డవారు కాదు గానీ ఎదురుగా నిలబడి ఏదైనా అడగాలంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. అందుకని మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఆయనకి చెప్పాల్సింది ఆయనతో చెప్పం. భాగ్య రమ్య వైపు తిరిగి గట్టిగా, "ఏసీకి చేతులు గడ్డకడ్తున్నయే" అంటుంది. పార్టిషన్ అవతల టక్కుమని స్విచ్ నొక్కిన చప్పుడు, ఏసీ ఆగుతుంది. సెలవులు, చిట్టీలు, బాస్ మూడ్, అన్నీ ఇలాగే నడుస్తాయి. ఎవరి మర్యాద వాళ్ళకి మిగులుతుంది.

ఇక భాగ్య సంగతి. ప్రేమికులు చివర్లో కలిస్తే ఆ సినిమా దండగ అనే రకం. రమ్యదీ అదే జబ్బు. ఇద్దరూ ఏడవడానికి కొత్త సినిమాలు దొరక్క అల్లాడుతుంటే నేను ఊరుకోకుండా, "జపాన్ వాళ్ళు గీసే బొమ్మల సినిమాలు చూడండి, అనిమే అంటారు, అందులో ప్రేమకథలు చూస్తే గుండె పిండేస్తాయి" అన్నాను.

"బొమ్మలు మా పోరడు చూస్తడు. ఇగ నేను గూడ చూడాల్నా?" అంది భాగ్య.

నేను మొన్ననే చూసిన ఒకదాని గురించి చెప్పాను. మన సినిమాలో ప్రేమ పుట్టాలంటే ఒక పాట పడాలి. ఇందులో ఆ పిల్ల ప్లాట్‌ఫామ్ మీద గొడుగు ముడుస్తుంది, ఆ నీళ్ళు అబ్బాయి బూటు మీద పడతాయి. ఇద్దరూ ఆ బూటు వంక చూస్తారు. అంతే! ఆ ఒక్క సీన్‌కి నేను స్టవ్ మీద పాలు పొంగించుకున్నాను. చేత్తో గీసిన వాన అంత తడిగా ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

భాగ్య తినడం ఆపేసింది. "మంచిగున్నది గని, అన్నం కలుపుకుంట కింద ఇంగ్లీష్ సదువుడు నాతోని గాదు. నువ్వే చెప్పు పద్మా."

అలా మొదలైంది. రోజుకి ఒక ఎపిసోడ్ ఇంట్లో మళ్ళీ చూసుకుని వచ్చి లంచ్‌లో చెప్పడం. జపాన్ పేర్లు మొదటి రోజే కలగాపులగం అయిపోయాయి. "గా పోరడు ఎవరు, పోరి ఎవరు, నడిమిట్ల వచ్చినామె ఎవరు?" అని రమ్య తల పట్టుకుంది. సరే అని అబ్బాయికి రవి అనీ, అమ్మాయికి లత అనీ పేర్లు పెట్టేశాను. పేర్లు మారాక ఊరు మారకపోతే ఎబ్బెట్టుగా ఉంటుంది కదా? వాళ్ళ స్టేషన్ నాంపల్లి అయింది. వాళ్ళ లోకల్ రైలు ఎంఎంటీఎస్ అయింది. లత బోరబండలో ఎక్కుతుంది, నాంపల్లిలో దిగి అబిడ్స్‌లో ఉద్యోగానికి నడుస్తుంది. రవి స్టేషన్ గేటు దాకా ఆమె వెనకాలే, నాలుగడుగుల దూరంలో నడుస్తాడు. నేనేమైనా అనుకుని చెప్పానా? నోటికి ఏది వస్తే అది.

నాలుగు రోజులు పోయాక గమనించాను, పార్టిషన్ అవతల చప్పుడు లేదు. పేపర్ తిప్పడం లేదు, ఫోన్‌లో వార్తలు లేవు. యాదగిరి గారంతటి మనిషి చెవి ఒగ్గి నా కథ వింటున్నారని నాకు తెగ సంబరం. గొంతు ఇంకాస్త పెంచాను.

గురువారం కథ మలుపు తిరిగింది. అసలు కథలో లత వాళ్ళ నాన్న ఈ ప్రేమ సంగతి కనిపెట్టి, కూతుర్ని ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో చుట్టాల ఇంటికి పంపేస్తాడు. మంచు ఊరు నేనెక్కడి నుంచి తేను? "ఆదివారం పొద్దున్నే కరీంనగర్‌లో మేనమామ ఇంటికి పంపేస్తున్నాడు. పిల్ల నోరెత్తట్లేదు. బట్టలు సర్దుకుంటోంది. ఆఖరి భాగం రేపు చెబుతాను" అన్నాను. అవతల స్టీలు గ్లాసు కింద పడింది.

సాయంత్రం యాదగిరి గారు నా సీటు దగ్గరికి వచ్చారు. "పద్మ మేడం, జర కిందికి వస్తరా, చాయ్ తాగుదాం."

ఇన్నేళ్ళలో ఆయన ఎవర్నీ చాయ్‌కి పిలిచింది లేదు. ఇరానీ హోటల్లో మూలన కూర్చున్నాం. ఆయన చాయ్ ముట్టుకోలేదు.

"మీరు నా మొఖం మీద అనకుండ గోడకెళ్ళి చెప్పిన్రు. నా ఇజ్జత్ కాపాడిన్రు. యాది పెట్టుకుంట."

"ఏం చెప్పాను సార్?"

"మా బిడ్డ స్రవంతి సంగతే. బోరబండల ఎక్కుతది, అబిడ్స్‌ల కళ్ళద్దాల షాపుల పనిచేస్తది. గా పిలగాడు గౌలిగూడల వాళ్ళ నాయిన స్పేర్ పార్టుల దుకాణంల కూసుంటడు. గవన్నీ సరే, ఎవలో చూసి మీకు చెప్పిన్రనుకుంట. గని కరీంనగర్‌ల మా బావమరిది ఇంటికి తోలుతున్న ముచ్చట నాకు, నా భార్యకు తప్ప ఎవలకు ఎరుక లేదు. ఆదివారం పొద్దుగాల్నే బస్సు."

ఉస్మానియా బిస్కెట్ నా గొంతులో అడ్డం పడింది. అది బొమ్మల సినిమా అని చెబుదామని నోరు తెరిచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"మీరేం చెప్పకున్రి. మూడు దినాల నుంచి నిద్ర లేదు నాకు. తోలుడు తప్పో ఒప్పో సమజైతలేదు. రేపు ఆఖరు ముచ్చట చెప్త అన్నరు గద? చెప్పున్రి. విని నేనే ఒక తీర్మానంకి వస్త."

లేచి వెళ్ళిపోయారు. నేను ఆ కుర్చీలోనే ఉండిపోయాను. ఎక్కడో జపాన్‌లో ఎవరో కూర్చుని గీసిన బొమ్మలు, నేను గోంగూర అన్నం తింటూ వాగిన వాగుడు, ఆ రెండింటి మీదా ఒక ఆడపిల్ల ఆదివారం బస్సు ఆధారపడి ఉంది! ఇప్పుడు కార్టూన్ అని చెబితే, నవ్వులపాలయ్యానన్న కోపంతో ఈయన శనివారమే పంపేస్తాడు. చెప్పకుండా కథ కానిద్దామంటే, చివర్లో ఆ ఇద్దరూ కలవరు. కలవరు కాబట్టే కదా నేను దాన్ని భాగ్యకి సిఫార్సు చేసింది.

ఇంటికి వెళ్ళాక తీర్మానించుకున్నాను. ముగింపు మార్చేద్దాం. నాన్న మనసు కరుగుతుంది, పెళ్ళి, అక్షింతలు, శుభం.

శుక్రవారం లంచ్‌లో గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "బస్సు ఎక్కబోయే ముందు నాన్న ఆగమన్నాడు. ఆ అబ్బాయిని ఇంటికి రమ్మన్నాడు..."

"ఆగు" అంది భాగ్య. "పెండ్లి చేస్తున్నవా ఏంది?"

"చేస్తే ఏం?"

"గిందుకా వారం సంది కూసోబెట్టినవ్? గుండె పిండుతదన్నవ్. నువ్వు అబద్ధం చెప్తున్నవ్ పద్మా, నీ చెవులు ఎర్రగైనయ్. అసలుది చెప్పు."

రమ్య కూడా చెంచా కింద పెట్టేసింది. నేను కాసేపు పెనుగులాడాను. కానీ నా బలహీనత ఒకటుంది. ఆ ముగింపు తలుచుకుంటే నన్ను నేను ఆపుకోలేను. మొదలుపెట్టాక పార్టిషన్ మర్చిపోయాను, యాదగిరి గారిని మర్చిపోయాను, ఆదివారం మర్చిపోయాను. అసలు తప్పు అదే.

ఏళ్ళు గడిచిపోతాయి. లత ఏదో పని మీద అదే స్టేషన్‌కి వస్తుంది. ప్లాట్‌ఫామ్ మీద అటో మనిషీ ఇటో మనిషీ కూర్చునే బెంచీ ఉంటుందే, దాని మీద కూర్చుంటుంది. ఆమె వీపు వెనకాల, అదే బెంచీ అవతలి వైపు, రవి. ఒకరికొకరు తెలియదు. మధ్యలో ఒక్క చెక్క. అతని రైలు వస్తుంది, లేచి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఆమె రైలు. ఇద్దర్నీ చూసినవాడు ఒక్కడే, మెట్ల వంతెన మీద నిలబడ్డ లత వాళ్ళ నాన్న. ముసలివాడైపోయాడు. పిలుద్దామని నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు.

భాగ్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "గిది కావాలె నాకు" అంది తృప్తిగా. రమ్య ముక్కు చీదింది. అప్పుడు నాకు స్పృహ వచ్చింది. అవతలికి పరిగెత్తాను. టిఫిన్ డబ్బా మూత కూడా పెట్టలేదు, కుర్చీ ఖాళీ. హాఫ్ డే పెట్టి వెళ్ళారని వాచ్‌మన్ చెప్పాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

నా బుద్ధికి తోచింది ఒక్కటే, ఆయన ఆదివారం దాకా కూడా ఆగకుండా ఇవాళే కూతుర్ని తీసుకుపోతున్నారు. పని వదిలాక ఆ పిల్ల రైలెక్కేది నాంపల్లిలోనే కదా అని, ఆఫీసు వదలగానే ఆటో ఎక్కాను. అబిడ్స్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ కదలదు. దిగి, చెప్పులు టపటపలాడిస్తూ నాంపల్లి స్టేషన్‌కి పరిగెత్తాను. ఎంఎంటీఎస్ ప్లాట్‌ఫామ్ మీద బెంచీలో కూర్చుని ఉన్నారు యాదగిరి గారు. పక్కన టవల్. ఆ కూర్చున్న తీరు చూసి దగ్గరికి వెళ్ళలేక స్తంభం పక్కన ఆగిపోయాను.

కాసేపటికి గేట్లోంచి ఒక అమ్మాయి వచ్చింది. నాలుగడుగుల వెనకాల ఒక అబ్బాయి. తండ్రిని చూడగానే అమ్మాయి కొయ్యబారిపోయింది. అబ్బాయి పారిపోలేదు, అది నాకు నచ్చింది. యాదగిరి గారు గొంతు సవరించుకున్నారు. మాట రాలేదు. మళ్ళీ సవరించుకున్నారు.

"పిలగా. గిటు రా."

ఆ అబ్బాయి వచ్చాడు. ఆయన టవల్ తీసి, కాస్త పక్కకి జరిగి, బెంచీ మీద చోటు చూపించారు. "నిలవడి ఏం చేస్తవ్. కూసో. అన్నం తిన్నవా?"

నేను అబిడ్స్‌లో ఎన్ని సినిమాలు చూశానో, ఇంట్లో ఎన్ని అనిమేలు చూసి ఏడ్చానో! ఆయన అలా జరగడం ముందు అవేవీ నిలబడవు. స్తంభం పట్టుకుని నేను వెక్కిన వెక్కుడికి ఆయన ఇటు తిరిగారు.

"మేడం, మీరు గూడ వచ్చిన్రా. రాండ్రి."

ఇక దాచలేకపోయాను. "సార్, నన్ను క్షమించండి. మీ అమ్మాయి గురించి నాకేమీ తెలియదు. అది జపాన్ కార్టూన్. పేర్లు, ఊళ్ళు నేనే మార్చాను." ఫోన్ తీసి చివరి సీన్ పెట్టి చూపించాను. అర్థంకాని భాషలో మాటలు, బెంచీ, వంతెన. ముగ్గురూ వంగి చూశారు. రైలు వచ్చి నిలబడినా ఎవరూ లేవలేదు.

యాదగిరి గారు వంతెన మీది బొమ్మని వేలితో చూపించారు. "గీయననేనా నాయిన?"

"అవును సార్."

"ఔ. మంచిగ గీసిన్రు. గాయనకు గొంతు రాలే. నాకు వచ్చింది" అని ఫోన్ నా చేతిలో పెట్టారు.

ఆదివారం బస్సు వాళ్ళు లేకుండానే వెళ్ళింది. ఇవాళ సోమవారం, లంచ్‌కి నేను గర్వంగా టేబుల్ దగ్గర కూర్చున్నాను. ప్రేమని గెలిపించిన మనిషి నడక వేరే ఉంటుంది కదా. యాదగిరి గారు పార్టిషన్ చుట్టూ తిరిగి, ఆయన జన్మలో మొదటిసారి, నేరుగా మా లంచ్ టేబుల్ దగ్గరికే వచ్చారు.

"మేడం, నేనైతే ఒప్పుకున్న. గని పిలగాని నాయిన ఒప్పుకుంటలేడు. బుధవారం గాయనను లంచ్‌కి పిలిచిన, నా పక్కన కూసోబెడ్త. మీరు గిట్లనే గట్టిగ ఒకటి చెప్పున్రి. ఆఖర్ల పెండ్లి మాత్రం కావాలె."

అలాగే సార్ అన్నాను. అప్పట్నుంచీ వెతుకుతున్నాను. ఏడిపించే ప్రేమకథలు ఎవరు ఎన్ని అడిగినా కళ్ళు మూసుకుని చెప్పగలిగే నాకు, పెళ్ళితో ముగిసేది ఒక్కటంటే ఒక్కటి తెలియదు. మీకేమైనా తెలిస్తే చెప్పండి, బుధవారం ఎల్లుండే.