నల్లరంగు పూసిన ఎనిమిది గ్రహాలు

మా అక్క కార్టూన్ సినిమాలకు బొమ్మలు గీస్తుంది. వాళ్ల స్టూడియోలో ఒక పద్ధతుంది: బొమ్మ మొత్తానికి నల్లరంగు పూసినా, అదెవరో చూడగానే తెలియాలి. తెలియకపోతే చించిపారేయడమే.

ఈసారి అక్కకిచ్చిన పాత్రలు గ్రహాలు. "ఎనిమిదీ గుండ్రమే, ఎలా గుర్తుపడతారు?" అని దర్శకుడు పెదవి విరిచాడట. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషితో అనాల్సిన మాటేనా అది?

అక్క వాటికి కాళ్లూ చేతులూ పెట్టి, ఒక్కోదానికి ఒక్కో తీరు ఇచ్చి, నల్లగా నింపి మా హాలు గోడకు అంటించింది. గ్రహాల పేర్లే తెలియని అమ్మ వచ్చి కళ్లద్దాలు సవరించుకుంది.

పక్కకి ఒరిగి పడుకున్న యురేనస్‌ని చూసి, "మీ నాన్న" అంది. అందరూ ఒకవైపు తిరిగితే రెండోవైపు తిరిగిన శుక్రుణ్ణి చూసి, "మీ మేనత్తే, ఎడ్డెమంటే తెడ్డెం!" అంది.

గురుగ్రహం దగ్గర ఆగింది. అన్నిటికన్నా పెద్దది. చేతులు చాచి, చిన్న గ్రహాల మీదికొచ్చే రాళ్లన్నీ తన ఒంటిమీదికే లాక్కుంటోంది.

"నేనింత లావున్నానా?" అని అమ్మ మూతి తిప్పుకుంది.

సాయంత్రానికి సగం వీధి మా హాల్లోనే ఉంది.

"ఇది నేను," అంటోంది అమ్మ. "గీసింది మా పెద్దమ్మాయి."